చేతికందిన చేపలు

ఆ ఏడు ఆగస్టు నెలలో మొజాంబిక్ సరిహద్దున ఉన్న చిల్వా సరస్సు వల వేయకుండానే చేపల్ని ఇవ్వడం మొదలుపెట్టింది. మోకాటి లోతుకు దిగి గంప ముంచి ఎత్తితే చాలు, సగానికి సగం చేపలే. చెయ్యంత పొడవున్న మీసాల చేపలు నీటి మీదికి మూతులు పెట్టి గుటకలు వేస్తూ ఉండేవి. ఆడవాళ్ళు వాటిని మెడ దగ్గర ఒడిసిపట్టి ఒడ్డుకు విసిరేవారు. మతెంబ అనే సన్న చేపలనైతే దోమతెరలతోనే దేవేవారు. ఎండబెట్టే తడికలు చాలక ఇళ్ళ కప్పుల మీద కూడా పరిచారు. కుక్కలు తిని తిని విసుగెత్తి, ముందర చేప పడ్డా తల ఎత్తడం మానేశాయి.

అంతకుముందు రెండేళ్ళుగా వానలు ముఖం చాటేశాయి. మొక్కజొన్న మోకాలెత్తు ఎదగకుండానే ఎండింది. గాదెల్లో అడుగు కనిపిస్తున్న రోజుల్లో సరస్సు ఇలా కడుపు నింపేసరికి దక్షిణపు ఒడ్డున ఉన్న చిసాంబ రేవులో ఎవరి నోట విన్నా ఒకటే మాట, దేవుడు చల్లగా చూశాడని.

పాస్టరు చిసాలే కుర్రవాడు. కొండ మీది జోంబా పట్నంలో పుట్టి పెరిగినవాడు. నీళ్ళంటే కుళాయిలో వచ్చేవే ఎరుగును. రేవుకు వచ్చి ఏడాది కూడా నిండలేదు. ఆదివారం ప్రార్థన అయ్యాక ఆయన ముఖం వెలిగిపోతుండగా చెప్పాడు:

"పై ఆదివారం ఆరాధన ఇక్కడ గోడల మధ్య కాదు. నీటి ఒడ్డునే. ఇంటికో చేప తేవాలి. మీ దగ్గరున్న వాటిలో మేలైనది. ఎస్నాతమ్మా, కొత్త పాట మీరే కట్టాలి."

ఎస్నాతికి నలభై ఆరేళ్ళు. చదువు రాదు. ఇరవై ఏళ్ళుగా గుడిలో పాడే గుంపుకు పాట ఎత్తేది ఆమే. రోట్లో జొన్న దంచుతుంటే పాటలు వాటంతటవే వచ్చేవి. నీటికి ఆవల మొజాంబిక్ పల్లెల్లో కూడా ఆమె పాటలు పాడుకుంటారు, ఎవరు కట్టారో తెలియకుండానే. గాలి లేని సాయంత్రం ఆమె ఒడ్డున గొంతెత్తితే సరస్సు లోపల జమ్ము మీద కట్టుకున్న గుడిసెల్లో ఉన్న మగవాళ్ళకు వినిపించేది. జమ్ము కోసి పొరలు పొరలుగా పేర్చి, నీళ్ళ మీదే గుడిసెలు వేసుకుని వాళ్ళు వారాల తరబడి అక్కడే వేట సాగించేవారు.

ఆ సాయంత్రమే ఆమె పాట వెతుక్కుంటూ ఒడ్డుకు వెళ్ళింది. పడమటి కొండల వెనక్కి పొద్దు దిగుతోంది. నీళ్ళు రాగి పళ్ళెంలా ఉన్నాయి. ఒక తెల్లకొంగ నీటిమట్టానికి జానెడు ఎత్తున ఎగురుతుంటే దాని కింద ఇంకో కొంగ తలకిందులుగా ఎగురుతున్నట్టుంది. ఎస్నాతి కళ్ళు దాని వెంటే పోయాయి. ఎప్పుడు చూసినా కొత్తగానే ఉంటుంది ఈ నీరు. మొదటి చరణం పెదవుల మీదికి వచ్చేసింది.

తూరుపు ఎర్రబారేది ఎవరి వల్ల?
నీ వల్లే, తండ్రీ, నీ వల్లే.
కొంగ రెక్కకు తెలుపు ఎవరి వల్ల?
నీ వల్లే, తండ్రీ, నీ వల్లే.

"బాగుంది" అని వెనక నుంచి ఎవరో అన్నారు.

నంబేవే అవ్వ. ఊళ్ళో అందరికంటే పెద్దది. బోర్లించిన పాత దోనె మీద చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. పక్కన గంప లేదు, చేప లేదు.

"నువ్వొక్కదానివే ఉత్త చేతుల్తో ఉన్నావేంటవ్వా? నేను పట్టివ్వనా?"

"వద్దు పిల్లా. నిన్న మనవరాలు తెచ్చి వండింది. నోట పెట్టలేకపోయా."

"ఏం, ఒంట్లో బాలేదా?"

అవ్వ వంగి కాలి దగ్గర బురదను గోటితో గీకింది. ఎండిన చోట బురద మీద తెల్లటి పొర, సన్నటి ఉప్పులా. దాన్ని అవ్వ ఎస్నాతి నాలుక మీద పెట్టింది. ఉప్పే కాదు, చేదు కూడా.

"నీళ్ళు తాగి చూడు."

ఎస్నాతి దోసిలితో తీసుకుని నోట్లో పోసుకుని వెంటనే ఉమ్మేసింది.

"నా పెద్దోణ్ణి వీపున కట్టుకుని మోసే రోజుల్లో ఇట్టాగే చేతికి చేపలందినై" అంది అవ్వ. "మేమూ పాడాం. మీ అమ్మ కూడా పాడింది. చేప పైకొచ్చి నోరు తెరుస్తాంది అంటే అది మన కోసం కాదు పిల్లా. దానికి ఊపిరి ఆడట్లేదు. కింద నీళ్ళు లేవు, ఉన్నదంతా బురదే. ఆ పెద్దముక్కు పక్షులు చూడు, ఉన్నాయా? వారమైంది పోయి. ఇంత తిండి వదిలేసి ఎందుకు పోయినై?"

ఎస్నాతి నీటి వైపు చూసింది. రోజూ వందల్లో బారులు తీరి ఉండే సంచి ముక్కు పక్షులు ఒక్కటీ లేవు. ఇన్నాళ్ళూ తను గమనించనే లేదు.

"తర్వాత ఏమైందవ్వా?"

"మ్వేరా వచ్చింది" అంది అవ్వ. ఆగ్నేయం నుంచి వచ్చే చలిగాలి పేరు అది. ఆ పేరు చెప్పి లేచి ఇంటి దారి పట్టింది.

ఆ మాటలు ఎస్నాతిని వదల్లేదు. గురువారం రాత్రి భోజనాల దగ్గర భర్త లైసన్‌తో, తమ్ముడు మటియాసితో చెప్పింది. లైసన్ ములాంజె కొండ కింది వాడు. పెళ్ళి చేసుకుని అక్కడి ఆనవాయితీ ప్రకారం అత్తవారి ఊరికే వచ్చి స్థిరపడ్డాడు. నెమ్మది మనిషి. మటియాసి అలా కాదు. నవ్వకుండా ఒక మాట అనలేడు, బావను ఏడిపించకుండా ఒక పూట ఉండలేడు.

"అవ్వకు పళ్ళు లేవక్కా. చేప నమల్లేక లోకం మునిగిపోద్దంటంది" అన్నాడు మటియాసి ముద్ద కలుపుతూ.

"నీళ్ళు చేదుగా ఉన్నాయిరా. నేనే నోట పోసుకు చూశా."

"నీళ్ళు తాగడానికి బావి ఉందిగా. మనకు కావాల్సింది చేప." చెయ్యి కడుక్కుంటూ మళ్ళీ అన్నాడు: "రేపు తెల్లారి జమ్ము మీది మా గుడిసె దగ్గరికి పోతన్నా. పాస్టరు గారు మేలైన చేప తెమ్మన్నారు. ఈ ఒడ్డున నోరు తెరుచుకుని చచ్చేవి తెచ్చి దేవుడికిస్తామా? లోపల ఇంకా లోతుంది. అక్కడి చేప తెస్తా. నా అంత పొడుగుది."

"ఇప్పుడు వద్దురా. గాలి మారే రోజులు."

"గాలి నాకు చుట్టం. బావా, నువ్వూ వస్తావా? ఇరవై ఏడేళ్ళైంది ఈ ఊరికొచ్చి, ఇప్పటికీ గెడ పట్టుకుంటే రోకలి పట్టుకున్నట్టుంటది."

లైసన్ నవ్వాడు. మటియాసి పడుకోవడానికి వెళ్ళాక భార్యతో మెల్లగా అన్నాడు: "నువ్వేం దిగులుపడకు. నేను కూడా పోతా. ఆదివారం పొద్దెక్కేలోపు వాణ్ణి లాక్కొస్తా."

"నువ్వు పోతే ఇద్దరి కోసం దిగులుపడాలయ్యా నేను."

"ఒక్కణ్ణే వదిలితే వాడు సోమవారం దాకా రాడు. నీ సంగతి నాకు తెల్వదా, అప్పుడు ఆరాధనలో నీ గొంతు పెగలదు."

శుక్రవారం తెల్లవారుజామున ఇద్దరూ ఒకే దోనెలో వెళ్ళారు. జమ్ము మధ్య సందులో దోనె కనుమరుగయ్యేదాకా మటియాసి ఏదో ఒకటి అంటూనే ఉన్నాడు. మాటలు వినబడలేదు గానీ నవ్వు వినబడింది.

శనివారం గాలి అసలు లేదు. చెట్ల ఆకులు కదల్లేదు. ఒడ్డున ఉన్న చేపలు అంతకుముందులా కొట్టుకోవడం మానేసి, ముట్టుకున్నా పారిపోకుండా వెల్లకిలా పడి ఉన్నాయి. పిల్లలు కర్రతో పొడిచి ఆడుకున్నారు. ఎస్నాతి పాట పూర్తి చేసింది. ఆడవాళ్ళకు నేర్పింది. నేర్పుతున్నంతసేపూ నీటివైపే చూస్తూ ఉంది.

ఆదివారం పొద్దున ఊరంతా తెల్లబట్టలు కట్టుకుని రేవుకు వచ్చింది. బల్ల మీద గుడ్డ పరిచి, దాని ముందు అరటాకుల మీద చేపలు రాశిగా పోశారు. ఎండలో పొలుసులు మెరుస్తున్నాయి. ఆకాశం మబ్బు తునక లేకుండా శుభ్రంగా ఉంది. అంత అందమైన పొద్దును ఎస్నాతి ఎప్పుడూ చూడలేదు. అందుకే ఆమెకు ఒళ్ళు జలదరించింది.

దోనె ఇంకా రాలేదు.

"వస్తారమ్మా" అన్నాడు పాస్టరు. "పెద్ద చేప కదా, దోనె బరువుగా ఉండుంటుంది. మొదలుపెడదామా?"

ఆయన లేఖనం చదివాడు. పక్షులు విత్తవు, కోయవు, అయినా తండ్రి వాటిని పోషిస్తున్నాడని వివరించాడు. నంబేవే అవ్వ కళ్ళు మూసుకుని కూర్చుంది. తర్వాత ఎస్నాతి లేచి ముందుకు వచ్చి పాట ఎత్తింది. తూరుపు ఎర్రబారేది ఎవరి వల్ల? రెండొందల గొంతులు ఒక్కటై జవాబిచ్చాయి. నీ వల్లే, తండ్రీ, నీ వల్లే. వండిన కుండకు వాసన ఎవరి వల్ల? నీ వల్లే. ఆడవాళ్ళు చప్పట్లు కొడుతూ ఊగుతున్నారు. ముసలివాళ్ళ బుగ్గల మీద నీళ్ళు. ఎస్నాతి కూడా ఒక్క క్షణం భయం మరిచిపోయింది. ఇంత ఇచ్చినవాడు చెడు చేస్తాడా అనిపించింది.

నాలుగో చరణం దగ్గర బల్ల మీది గుడ్డ లేచి ఎగిరిపోయింది.

మొదట చల్లగా తగిలింది గాలి. తర్వాత చెవుల్లో హోరు. జమ్మంతా ఒకేసారి ఒక పక్కకు వంగింది. పాట ఆగలేదు, గాలి కూడా దేవుడి మహిమే అన్నట్టు జనం ఇంకా గట్టిగా పాడారు. అప్పుడు ఒక ఆడపిల్ల అరిచింది:

"నీళ్ళు పోతున్నాయ్!"

నిజంగానే నీళ్ళు పోతున్నాయి. ఎవరో అవతలి ఒడ్డు నుంచి దుప్పటి లాగినట్టు సరస్సు వెనక్కి జరుగుతోంది. రేవులో కట్టిన దోనెలు ఒక్కొక్కటే బురద మీద కూర్చుని పక్కకు ఒరిగాయి. పోతున్న నీటి వెనక నల్లటి బురద, ఆ బురద నిండా తెల్లటి పొట్టలు. వేలకు వేలు. చేపలన్నీ చచ్చి ఉన్నాయి.

"దేవుడికి స్తోత్రం!" అని కేకలు వేస్తూ కొందరు గంపలు పట్టుకుని బురదలోకి పరుగెత్తారు. అంతలో వాసన వచ్చింది. కుళ్ళిన గుడ్ల వాసన, అడుగున ఎన్నేళ్ళుగానో మగ్గిందంతా పైకి లేచిన వాసన. వెళ్ళినవాళ్ళు ముక్కులు మూసుకుని వెనక్కి తిరిగారు. ఎండిన ఒడ్డు మీది తెల్ల ఉప్పు గాలికి లేచి పొగమంచులా కమ్మేసింది. సూర్యుడు పాలిపోయిన నాణెంలా మిగిలాడు. పది గజాల అవతల ఏముందో కనబడలేదు.

"మావాళ్ళు లోపలున్నారు" అంది ఎస్నాతి. మొదట ఎవరికీ వినబడలేదు. పాస్టరు చొక్కా పట్టుకుని ఊపేసింది. "మావాళ్ళు లోపలున్నారండీ! నీళ్ళు లేకుండా దోనె ఎట్టా వస్తది? దారెట్టా తెలుస్తది?"

పాస్టరు ముఖం తెల్లబోయింది. "డప్పు కొట్టిద్దామా?"

"గాలి డప్పు మోతను మింగేస్తది" అంది నంబేవే అవ్వ లేచి నిలబడి. "మనిషి గొంతు కావాలి. సన్నటి గొంతు దూరం పోద్ది. పిల్లా, జమ్ము మోపులు పరిపించుకుని వాటి మీద నడువు. బురద మీద కాలు పెట్టకు, లాగేస్తది."

మగవాళ్ళు జమ్ము మోపులు తెచ్చి బురద మీద వరసగా వేశారు. ఎస్నాతి నడుముకు తాడు కట్టారు. ఆమె నాలుగు వందల అడుగులు లోపలికి వెళ్ళి నిలబడింది. కళ్ళలో ఉప్పు. ఏం పాడాలో ఆలోచించే తీరిక లేదు. నోటికొచ్చింది ఆ పాటే.

తూరుపు ఎర్రబారేది ఎవరి వల్ల?

ఆగి విన్నది. గాలి హోరు తప్ప ఏమీ లేదు. మళ్ళీ పాడింది. గంటసేపు పాడింది. గొంతు చీరుకుపోయి రక్తపు రుచి తగిలింది. కొంగ రెక్కకు తెలుపు ఎవరి వల్ల? ఆగింది. అప్పుడు వినబడింది, చాలా దూరం నుంచి, శ్రుతి లేకుండా బొంగురుగా:

"నీ వల్లే..."

లైసన్‌కు పాట రాదు. ఇరవై ఏళ్ళుగా గుంపులో వెనక నిలబడి పెదవులు మాత్రం కదిపేవాడు. ఆ గొంతు విని ఎస్నాతి ఏడుస్తూనే పాడింది. జవాబు దగ్గరైంది, ఆగింది, మళ్ళీ దగ్గరైంది. చివరికి తెల్లటి దుమ్ములోంచి నల్లటి ఆకారం ఒకటి బయటపడింది. లైసన్ దోనె అంచును రెండు చేతులా పట్టుకుని, పొట్ట దానిమీద ఆన్చి, కాళ్ళతో బురదను తన్నుకుంటూ తోసుకొస్తున్నాడు. నడుము దాకా బురద. దోనెలో ఒక చేప ఉంది, నిజంగానే మనిషంత పొడవుది.

దోనెలో ఇంకెవరూ లేరు.

"తమ్ముడేడి?"

లైసన్ దోనె అంచును ఇంకా గట్టిగా పట్టుకున్నాడు. తాడు పట్టుకుని మగవాళ్ళు వాళ్ళిద్దరినీ ఒడ్డుకు లాగాక, నీళ్ళు తాగించాక, అప్పుడు చెప్పాడు.

"ఇద్దరం దోనెను తోస్తానే ఉన్నాం. నీ పాట వినబడింది. ఎడమ నుంచని వాడన్నాడు. కుడి నుంచని నేనన్నా. గాలి అటూ ఇటూ తిప్పేస్తంది. 'ఎవరేం చెప్పినా మా అక్క గొంతు నాకు తెల్వదా, నువ్వు పరాయోడివి' అని నవ్వాడు. నవ్వాడే ఎస్నాతీ! అటే పోయాడు. జమ్ము కట్ట ఒకటి చంకన పెట్టుకుని పోయాడు. నేను పిలిచా. చానాసేపు పిలిచా. తర్వాత కుడి పక్కనే నీ గొంతు గట్టిగా వచ్చింది. వచ్చేశా."

ఎస్నాతి మళ్ళీ తాడు కట్టుకుంది. పొద్దు పోయేదాకా పాడింది. గొంతు పూర్తిగా పోయాక మిగిలిన ఆడవాళ్ళు ఆమె పక్కన నిలబడి పాడారు. జవాబు రాలేదు.

మూడో రోజు గాలి ఆగింది. తూర్పున ఉన్న పల్లె ఆడవాళ్ళు మటియాసిని చూశారు. మెడ దాకా బురదలో నిలబడే ఉన్నాడట, చెయ్యి ఒకటి పైకెత్తి. అతన్ని తవ్వి తీసి తడిక మీద మోసుకొచ్చారు. సమాధి దగ్గర పాట ఎత్తమని ఎవరూ ఎస్నాతిని అడగలేదు. ఆమె గొంతు రెండు వారాలకు తిరిగి వచ్చింది. ఆమె మాత్రం దాన్ని వాడలేదు. రోట్లో జొన్న దంచుతున్నా నోరు మెదిపేది కాదు. తన గొంతు ఒకణ్ణి ఒడ్డుకు తెచ్చింది, ఇంకొకణ్ణి బురదలోకి తీసుకుపోయింది. ఆ రెండింటినీ విడదీసి చూడటం ఆమెకు చేతకాలేదు. రాత్రుళ్ళు లైసన్ పక్కన పడుకుని, నువ్వెందుకు సరిగ్గా విన్నావని అడగాలనిపించేది. ఆ ప్రశ్న తనకే అసహ్యంగా ఉండేది.

గాలి పోయాక నీళ్ళు వెనక్కి వచ్చాయి గానీ అరచేతి మందానే వచ్చాయి. అక్టోబరు ముగిసేసరికి అవి కూడా లేవు. చిల్వా మొత్తం, కంటికి ఆనినంత మేర, నెర్రెలిచ్చిన తెల్లటి నేల. ఎండబెట్టిన చేపలు అయిపోయాయి. జనం చాపలు చుట్టుకుని కొందరు తేయాకు తోటలకు, కొందరు సరిహద్దు దాటి వెళ్ళిపోయారు.

నవంబరు మొదటి వారంలో పాస్టరు సైకిలు మీద వచ్చాడు. చిక్కిపోయి ఉన్నాడు. అరుగు మీద కూర్చుని నేల చూస్తూ అన్నాడు:

"మేలైన చేప తెమ్మన్నది నేనమ్మా."

"మీరనకపోయినా వాడు పోయేవాడండీ."

"అనడం మాత్రం అన్నాను కదా." ఆయన సైకిలు వైపు చూశాడు. "గుడి మూసేద్దామనుకుంటున్నా. ఎవరూ లేరు. ఉన్నవాళ్ళకు నేనేం చెప్పను? దేవుడు పక్షుల్ని పోషిస్తాడని మళ్ళీ చెప్పనా?"

ఎస్నాతి మజ్జిగలా పలచగా కాచిన గంజి గిన్నెలో పోసి ఆయన చేతికిచ్చింది.

"ఆదివారం తలుపు తీసి ఉంచండి" అంది. "నేనొస్తా. చెప్పేదేమైనా ఉంటే చెప్తా. లేకపోతే కూర్చుంటా."

ఆదివారం తెల్లవారకముందే ఆమె గునపం తీసుకుని ఒకప్పుడు వాగు సరస్సులో కలిసే చోటికి వెళ్ళింది. అక్కడ పై నేల పగిలినా లోపల చెమ్మ ఉంది. మోచేతి లోతుకు తవ్వితే కలువ దుంపలు దొరికాయి. నల్లగా, పిడికిలంత, మట్టి వాసనతో. చేదు పోవడానికి మూడు నీళ్ళు మార్చి ఉడకబెట్టింది. గుడ్డలో కట్టుకుని గుడికి వెళ్ళింది. లైసన్ వెంట వచ్చాడు. లోపల అందరూ కలిపి తొమ్మిది మంది. నంబేవే అవ్వను మనవరాలు చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది.

పాస్టరు ప్రార్థన మొదలుపెట్టి మధ్యలో ఆగిపోయాడు. ఎస్నాతి లేచింది. పాడలేదు. మామూలు గొంతుతో, ఎదురుగా ఉన్న మనిషితో మాట్లాడినట్టు అంది:

"తండ్రీ, నువ్వంటే నాకు భయమేస్తంది. ఇదివరకు వేసేది కాదు. అప్పుడు నిన్ను అంత ఎరగననుకుంటా. నా తమ్ముణ్ణి తీసుకున్నావు. ఎందుకో చెప్పలేదు. మా నీళ్ళు తీసుకున్నావు. పొద్దున తవ్వుతుంటే ఆకాశం ఎర్రబడింది. అంత బాగుందేంటి అని కోపమొచ్చింది నాకు. కోపంగానే చూశా. కళ్ళు తిప్పుకోలేకపోయా. ఈ దుంపలు నువ్వు పెట్టినవే. ఎవరూ నాటలేదు. వీటికి నీకు దండం పెడతన్నా. మిగతా వాటికి ఇప్పుడు పెట్టలేను."

ఎవరూ ఆమెన్ అనలేదు. కాసేపటికి లైసన్ అన్నాడు. తర్వాత అవ్వ.

బయట గాలి లేచింది. కిటికీ సందుల్లోంచి తెల్లటి దుమ్ము లోపలికి రావడంతో మనవరాలు వెళ్ళి తలుపు వేసి, అడ్డంగా బల్ల జరిపింది. గదంతా మసకబారింది. గాలి కప్పు రేకుల్ని లేపి కొడుతోంది. ఎస్నాతి గుడ్డ విప్పి దుంపల్ని లెక్కపెట్టకుండానే చేతికొచ్చినట్టు పంచింది. పాస్టరు తన వంతు రెండు చేతులా అందుకుని, తినే ముందు ఆశీర్వాదం చెప్పాలన్న సంగతి మరిచిపోయి, అక్కడే నిలబడి తినడం మొదలుపెట్టాడు.